గొడుగు బాబాయి హెచ్చరిక

ఆ మహానగరంలో పాత బజారు చూడవచ్చినవారికి ముందుగా కనిపించేది బజారు కాదు. జనం తలల మీదుగా నిట్టనిలువుగా లేచిన ఒక పసుపుపచ్చ గొడుగు. దానిని ఎత్తి పట్టుకున్న చేయి గొడుగు బాబాయిది. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆయనకు లేకపోలేదు గాని, అది గుర్తింపు కార్డులో మాత్రమే కాపురముంటున్నది. చెప్పులు కుట్టేవారు మొదలు గడియారాలు బాగుచేసేవారి వరకు బజారంతటికీ ఆయన గొడుగు బాబాయే. సదరు గొడుగును ఎండకు గాని వానకు గాని ఆయన విప్పిన పాపాన పోలేదు. ముడిచిన గొడుగును జెండాలా ఎత్తి తాను ముందు నడవడం, వెనుక యాత్రికులు బాతుపిల్లల్లా బారులుదీరి రావడం, ఇదే ఆ గొడుగుకున్న ఉద్యోగం.

గైడు పని పట్టకముందు ఆయన సిటీ బస్సులో కండక్టరు. టికెట్లు కొట్టే యంత్రాలు వచ్చి కండక్టర్లను ఇంటికి పంపినప్పుడు, నగరంలోని సందుగొందులన్నీ కళ్ళు మూసుకొని తిరగగలిగిన జ్ఞాపకాన్నీ, చివరి సీటులో గుర్రుపెట్టి నిద్రపోయేవాడిని సైతం లేపి నిలబెట్టగలిగిన గొంతునూ ఆయన వెంట తెచ్చుకున్నారు. బస్సులో జేబుదొంగ ఎక్కిన వాసన తగిలిందంటే చాలు, "జేబులు జాగ్రత్త!" అని ఆ గొంతు ఒక్కసారి మోగేది. తనను కనిపెట్టేశారన్న భయంతో దొంగ తరువాతి స్టాపులో మర్యాదగా దిగిపోయేవాడు. ఆ కేక మీద ఆయనకు కన్నబిడ్డ మీద ఉన్నంత నమ్మకం. అందుచేత గైడైన తరువాత కూడా దానిని వదలలేదు.

యాత్రికులను ఆయన ఒక లాడ్జి నుంచి తీసుకొని బయలుదేరేవారు. దారి పొడుగునా నీతులు చెప్పేవారు.

"వెనక జేబు జేబు కాదండీ, ఊరందరికీ తెరిచిపెట్టిన అలమర."

"సంచి వీపున వేసుకుంటే మోసేది మీరు, వాడుకునేది ఇంకొకరు. ముందుకి తిప్పుకోండమ్మా!"

"మీ చొక్కా మీద ఏదో పడిందని ఎవరైనా తుడవబోతే, వద్దు బాబూ అని ఆ మరకతోనే నడవండి. మరకని ఉతుక్కోవచ్చు, పర్సుని ఉతికి తెచ్చుకోలేం."

ఇలా నవ్విస్తూ నడిపించి, సందులన్నీ వచ్చి కలిసే ఫౌంటెన్ దగ్గర ఆపేవారు. అక్కడ జనం ఎప్పుడూ ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు. ఆయన ఫౌంటెన్ చుట్టు గట్టు ఎక్కి, గొడుగెత్తి, ఆ పాత కేక వేసేవారు. "జేబులు జాగ్రత్త! ఒకసారి చూసుకోండి!" వెంటనే వెనుదిరిగి గట్టు దిగి, జనంలోకి దారి తీసేవారు. ముందు నడిచేవానికి వెనుక జరిగేది కనిపించదు గదా. "నా గొడుగు వెనక నడిచినవాళ్ళకి ఇన్నేళ్ళలో గుండుసూది కూడా పోలేదు" అన్నది ఆయన మాట. లాడ్జి యజమానురాలు ఆ మాటనే బస చేసినవారందరికీ అప్పజెప్పేది. ఆయనకు దొరికే పనంతా ఆ ఒక్క మాట మీద నిలిచి ఉన్నది.

ఒకనాడు ఆయన గుంపులో వృద్ధ దంపతులు చేరారు. పెద్దాయన బతుకంతా నేతమిల్లులో మగ్గాల మధ్య గడిపిన మనిషి. ఆ హోరు ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. ఆ ఏడే చెవిలో అచ్చు తీసి, ఆ కొలతకు వినికిడి యంత్రం చేయించారు. జీవితంలో అదే వారి మొదటి విహారయాత్ర.

"ఏళ్ళ తరబడి ఈయనతో నేను మాట్లాడలేదు తమ్ముడూ, అరిచాను" అని పెద్దమ్మ నడుస్తూనే గొడుగు బాబాయికి చెప్పింది. "ఉప్పు సరిపోయిందా అని అడిగితే వీధంతా సమాధానం చెప్పేది. అరిచి చెప్పగలిగే మాటలెన్నుంటాయి చెప్పు? మిగతావన్నీ లోపలే ఉండిపోయాయి. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాం, కొత్తగా పెళ్ళయినవాళ్ళలాగా."

"ఏం చెప్తున్నావు ఆయనకి?" అన్నాడు పెద్దాయన.

"మీరు బాగా నడుస్తున్నారని."

"అబద్ధం. నాకిప్పుడు వినపడుతుంది, గుర్తుంచుకో."

వారి ముచ్చట చూసి గొడుగు బాబాయి మనసు చల్లబడింది. అయితే ఫౌంటెన్ దగ్గరకు వచ్చేసరికి హారన్లు, బేరాలు, బండ్ల చప్పుడు అంతా ఆ యంత్రంలో పదింతలై పెద్దాయన తలలో సుత్తిదెబ్బల్లా మోగసాగింది. ఆయన దానిని తీసి చిన్న డబ్బీలో పెట్టి భార్యకిచ్చాడు. ఆమె తన పర్సులో వేసి, పర్సును చేతిసంచి పక్కఅరలో పెట్టి జిప్పు లాగింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద నుంచి కేక వినిపించింది. "జేబులు జాగ్రత్త! ఒకసారి చూసుకోండి!" పెద్దమ్మ బుద్ధిగా పక్కఅరను తడిమి చూసుకున్నది. ఉంది. నిశ్చింతగా నడిచింది. సందు మొదట్లో అట్టపెట్టెలు మోస్తున్న ఒకడు అడ్డం రాగా గుంపు కాసేపు కిక్కిరిసి, మళ్ళీ విడిపోయింది.

బజారు చివర, కాస్త నిశ్శబ్దంగా ఉన్న గాజుసామాను దుకాణంలో ఆమె డబ్బీ కోసం సంచి తెరిచింది. జిప్పు తెరిచే ఉన్నది. పర్సు లేదు.

ఆమె గట్టిగా ఏడవలేదు. భర్త ముఖం చూసి, తన చెవి చూపించి, ఖాళీ అరచేయి తిప్పింది. పెద్దాయన ఆ చేతిని పట్టుకొని, ఫరవాలేదన్నట్టు తల ఊపాడు. ఆ ఊపు చూడలేక గొడుగు బాబాయి తల దించుకున్నారు.

పోలీసు ఔట్‌పోస్టులో ఫిర్యాదు తీసుకున్న జవాను మంచివాడే. "డబ్బైతే వాడికి పనికొస్తుంది. చెవి మిషన్ ఏం చేసుకుంటాడు బాబాయ్? ఇవాళో రేపో ఏ కాలవలోనో పారేస్తాడు" అన్నాడు. దంపతుల రైలు మరునాడు మధ్యాహ్నం. మళ్ళీ చేయించుకుందామన్నా, మొదటిదానికే వారు దాచుకున్నదంతా ఊడ్చి పెట్టారు. ఇది తెలిసిన తరువాత గొడుగు బాబాయికి కాళ్ళు ఇంటివైపు సాగలేదు.

ఫౌంటెన్‌కు ఎదురుగా టీకొట్టు ఆయన బావమరిదిది. భార్యకు స్వయానా తమ్ముడు. ఇద్దరికీ ఒక్క క్షణం పడదు, ఒక్క రోజు చూడకపోతే తోచదు.

"ఏం బావా, గొడుగు వాడిపోయిందేంటి?" అన్నాడతడు గ్లాసు అందిస్తూ.

"ఊరుకోరా. నా గుంపులో పోయింది."

"పర్సా?"

"అంతకంటే పెద్దది. చెవులు పోయాయి." జరిగినదంతా చెప్పి, బెంచీ మీద చతికిలబడ్డారు.

బావమరిది ఫౌంటెన్ వైపు చూడమన్నట్టు గడ్డం ఎగరేశాడు. గొడుగు బాబాయి తలెత్తారు. అంతలో వేరొక గైడు తన గుంపుతో ఫౌంటెన్ దగ్గరకు వచ్చాడు. కుర్రవాడు, పని నేర్పింది గొడుగు బాబాయే. గురువుగారి బాణీ తప్పకుండా గట్టు ఎక్కి, ఎర్రజెండా ఎత్తి, "జేబులు జాగ్రత్త!" అని కేక వేశాడు.

ఆ కేకను పక్కనుంచి చూడడం గొడుగు బాబాయికి అదే మొదటిసారి. మాట పూర్తి కాకముందే గుంపంతటి చేతులూ ఒక్కసారిగా లేచాయి. ఒకాయన చేయి లోజేబు మీదకు, ఒకామె చేయి నడుము దగ్గరి మడత మీదకు, ఒక పిల్ల చేయి సంచి అడుగుకు. ఎవరెవరి సొత్తు ఎక్కడున్నదో వేలుపెట్టి చూపినట్టయింది. చూపించి, ఉన్నదని తృప్తిపడి, చేతులు దించుకొని అందరూ జెండా వెనుక నడిచిపోయారు.

గొడుగు బాబాయి చేతిలోని టీ చల్లారిపోయింది.

"బస్సులో అయితే దొంగ పారిపోయేవాడురా" అన్నారు చివరకు, నీరసంగా.

"బస్సులో వాడు నీ కళ్ళెదుట ఉండేవాడు బావా. తలుపొకటే, దారొకటే. ఇక్కడ నువ్వు అరిచి వెనక్కి తిరుగుతావు. నీ కేక కోసం కాచుకుని కూర్చుంటారు వాళ్ళు, భోజనం గంట కోసం చూసినట్టు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ పోలేదుగా!"

"పోయింది ఇక్కడే అని ఎవరికి తెలుస్తుంది? లాడ్జికెళ్ళి చూసుకుంటారు. ఎక్కడో పారేసుకున్నామని వాళ్ళని వాళ్ళే తిట్టుకుంటారు."

"తెలిసీ నాకు చెప్పలేదా నువ్వు?"

"చెప్పబోయాను. ఒకసారి కాదు. 'నువ్వు టీ కాచుకో, ఊరికి దారి నేను చూపిస్తాను' అన్నావు. సరే అని కాచుకుంటున్నాను."

ఆ మాట తాను అన్నది నిజమే. గొడుగు బాబాయి లేచి, టీ తాగకుండానే ఇల్లు చేరారు.

ఇల్లంటే ఒక గది, ముందొక వరండా. గదిలో సగం ఇస్త్రీ బల్లదే. లాడ్జి దుప్పట్లు ఇస్త్రీ చేసి పంపడం ఆయన భార్య పని. పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి గనుక, సాయంత్రమైతే మొగుడూ పెళ్ళాలు చెరొక అంచు పట్టుకొని, దగ్గరకు వచ్చి, అంచులు కలిపి, మళ్ళీ దూరం జరుగుతూ ఉంటారు. వారి సంసారంలోని ముఖ్యమైన సంభాషణలన్నీ ఆ నడకలోనే జరిగాయి.

"ఆ దొంగ రోజూ నా గొంతు వింటున్నాడే" అన్నారాయన జరిగినదంతా చెప్పి, అంచు పట్టుకొని వస్తూ. "అయితే రేపు కూడా వింటాడు. గట్టెక్కి వాడికే చెప్తాను, మిషన్ ఒక్కటి ఇచ్చెయ్యమని."

"చెప్పండి."

"చెప్పడమంటే? నా గుంపులోనే పోయిందని బజారంతా వినేలా అరవాలి. లాడ్జావిడ చెవిన పడదా? ఇక నన్ను పిలుస్తుందా?"

"పిలవదు" అన్నదామె నిబ్బరంగా, తన అంచును ఆయన చేతిలో పెట్టి. "కొన్నాళ్ళు దుప్పట్లే తినాలి."

"చెప్పకపోతే ఎవరికీ తెలీదు. వాళ్ళు రైలెక్కి వెళ్ళిపోతారు. పారేసుకున్నారనే అనుకుంటారు అందరూ."

"అనుకుంటారు."

మరొక దుప్పటి విప్పారు. ఆమె దూరం జరిగి, అక్కడే ఆగిపోయింది. దగ్గరకు రాలేదు.

"ఏమండీ, ఆ పెద్దమ్మ ఇంటికెళ్ళాక ఎవరితో మాట్లాడుతుంది?"

ఆయనే నడిచి ఆమె దగ్గరకే వెళ్ళి అంచులు కలిపారు.

"మీకు చెవులు బాగానే ఉన్నాయి" అన్నదామె దుప్పటి అందుకుంటూ. "అయినా నా మాట వినరు, అది వేరే సంగతి. కానీ వినకపోయినా మీ చెవిన పడుతుంది, నాకు అరిచే పనుండదు. అంతే నేను చెప్పేది."

మరునాడు ఉదయం గొడుగు బాబాయి తన గుంపుతో ఫౌంటెన్ దగ్గరకు వచ్చారు. వృద్ధ దంపతులను బావమరిది కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టారు. గట్టు ఎక్కుతుంటే, ఎన్నో ఏళ్ళుగా ఎక్కిన ఆ గట్టు ఆయనకు ఆనాడు మేడంత ఎత్తుగా తోచింది. గొడుగెత్తారు. పిడిని ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. కొట్టులో నుంచి బావమరిది, "కానీ బావా! టికెట్ టికెట్ అని అరిచినవాడివి, ఇప్పుడు సిగ్గేంటి?" అన్నాడు.

"జేబులు..." అని అలవాటుగా మొదలుపెట్టి, నాలిక కరుచుకున్నారు. "జేబులు ఎవరూ తడుముకోకండి!"

ఆ మాటకు కూడా కొందరి చేతులు జేబుల మీదకే వెళ్ళాయి.

"ఇది మీకు కాదండీ. ఇక్కడే ఎక్కడో ఉన్న ఒకతనికి. బాబూ! నువ్వెవరో నాకు తెలీదు. తెలుసుకోను కూడా. నా గొంతు మాత్రం నీకు బాగా తెలుసు, రోజూ వింటున్నావు. నిన్న ఇదే చోట నా గుంపులో ఒక పెద్దమ్మ పర్సు పోయింది. అవును, నా గుంపులోనే! ఎక్కడుందో చూపించింది ఆవిడ, చూపించమన్నది నేను. ఆ తప్పు నాది."

గుంపులో ఒకరు ఇది కూడా యాత్రలో భాగమే కాబోలని ఫోటో తీశారు. చెప్పుల కొట్టువారు సుత్తి ఆపారు. పళ్ళ బండివాడు తక్కెడ దించాడు.

"పర్సులో డబ్బు సంగతి నేనడగను. అందులో ఒక చిన్న డబ్బీ ఉంది. దాంట్లోది చెవి మిషన్. అచ్చు తీసి చేసింది, ఇంకెవరి చెవికీ పట్టదు. కొనేవాడు దొరకడు. అదిగో, ఆ బెంచీ మీద కూర్చున్నాడే, ఆయనది. బతుకంతా మగ్గాల మోతే విన్నాడు. ఇప్పుడిప్పుడే పెళ్ళాం మాట వింటున్నాడు. మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతారు. పారేసి ఉంటే ఎక్కడ పారేశావో ఏ గోడ మీదన్నా రాయి, నేను వెతుక్కుంటాను. ఉంటే, ఎక్కడైనా పెట్టు. నీ వంక తల తిప్పి చూడను. నా ఇంటిదాని మీద ఒట్టు."

గట్టు దిగి, రోజూలాగే గొడుగెత్తుకొని గుంపును నడిపించుకుపోయారు. సందులన్నీ తిప్పారు, చెప్పవలసిన కథలన్నీ చెప్పారు గాని, ఏ వీధి కథ ఏ వీధిలో చెప్పారో ఆయనకే తెలియదు. గోడలన్నీ చూస్తూ నడిచారు. గుంపును సాగనంపి, జనంలో నుంచి తోసుకుంటూ తిరిగి ఫౌంటెన్ దగ్గరకు వచ్చేసరికి, ముడిచిన గొడుగు మోచేతికి తలకిందులుగా వేలాడుతూ ఉన్నది. ఆయన మనసూ అలాగే ఉన్నది.

"ఎవరైనా వచ్చారా?"

"టీకి వచ్చారు" అన్నాడు బావమరిది. "ఊరుకో బావా. నీ వంతు నువ్వు అరిచావు."

పెద్దమ్మ లేచి నిలబడింది. "తమ్ముడూ, నువ్వు మాకోసం నలుగురిలో తలవంచావు. అది చాలు. మేం మళ్ళీ అరుచుకుంటాంలే, అలవాటేగా" అన్నది. పెద్దాయన ఇద్దరి పెదవుల వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

స్టేషనుకు పోయే బస్సు మలుపు తిరిగింది. పాత కండక్టరు గదా, గొడుగు బాబాయి రోడ్డు మధ్యకు వెళ్ళి, బస్సు ఆపమని గొడుగు పైకెత్తారు. ఎత్తీ ఎత్తగానే గొడుగు మడతల్లో ఏదో గలగలమని జారి, ఆయన భుజం మీద పడి, అక్కడి నుంచి రోడ్డు మీదకు దూకింది.

చిన్న డబ్బీ.

బస్సు బ్రేకు వేసింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమయ్యా, చావడానికి నా బస్సే దొరికిందా?" అన్నాడు. గొడుగు బాబాయికి అది దీవెనలా వినిపించింది. డబ్బీని రెండు చేతులతో తీసుకొని బెంచీ దగ్గరకు పరుగెత్తారు. మూత తీస్తే యంత్రం క్షేమంగా ఉన్నది. గొడుగు నాడా ఎవరు వదులు చేశారో, ఎప్పుడు వేశారో, ఆ కాస్త బరువు మోచేతికి ఎందుకు తెలియలేదో ఆయనకు అంతు పట్టలేదు. వెనక్కి తిరిగి చూడబోయి, పెట్టిన ఒట్టు గుర్తుకు వచ్చి, మెడను మధ్యలోనే ఆపుకొన్నారు.

పెద్దాయన యంత్రాన్ని చెవిలో అమర్చుకొని, మీట తిప్పి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. హారన్లు, బేరాలు, బండ్ల చప్పుడు, అన్నీ వచ్చి పడి ఉంటాయి. ఈసారి తీయలేదు.

"నిన్నటినుంచి నన్ను ఏమని తిడుతున్నావు?" అన్నాడు భార్యతో.

"నేనా? తిట్టలేదే!"

"పెదాలు చూస్తూనే ఉన్నాను."

"జాగ్రత్తగా పెట్టుకోలేకపోయానని నన్ను నేను తిట్టుకున్నాను."

"అదా! అయితే బస్సులో మళ్ళీ చెప్పు. వింటాను."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. బస్సెక్కేటప్పుడు గొడుగు బాబాయి ఆమె చేతిసంచిని తానే ముందుకు తిప్పి, గుండెల మీద ఉండేలా సర్ది, "తడమకండమ్మా. సంచి మీద చెయ్యేసి ఉంచండి చాలు, తీసి చూసుకోవద్దు" అని మెల్లగా, ఆమె ఒక్కదానికే వినిపించేట్టు చెప్పారు.

భార్య చెప్పినట్టే లాడ్జి యజమానురాలు చాలా రోజులు ఆయనను పిలవలేదు. ఎర్రజెండా కుర్రవానికి గుంపులు దక్కాయి. ఆ ఇంట దుప్పట్లు తిన్నారనే చెప్పాలి. ఆ రోజుల్లోనే ఆయన వెళ్ళి ఆ కుర్రవాణ్ణి టీకొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, వేరొకరి గుంపును పక్కనుంచి చూపించారు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు. తరువాత యాత్రికుల రద్దీ పెరిగి ఎర్రజెండా ఒక్కడికి పని మించిపోయినప్పుడు, లాడ్జి నుంచి మళ్ళీ కబురు వచ్చింది.

ఇప్పుడు ఆయన జాగ్రత్తలన్నీ లాడ్జి హాలులో, తలుపులు మూసి చెబుతారు. ఎవరిది ఎక్కడ పెట్టుకోవాలో అక్కడే సర్దుకోమంటారు, బయట అడుగుపెట్టాక ఇక దాని మాట మరచిపొమ్మంటారు. ఫౌంటెన్ దగ్గర గట్టు ఎక్కి, "అదిగో, ఆ పాత మేడ మీది గడియారం చూడండి" అని మాత్రం అంటారు. అప్పుడు ఆయన ముఖం గుంపు వైపే ఉంటుంది; వెనుదిరగడం మానుకున్నారు. గొంతులో ఆ పాత కేక మెదులుతూనే ఉంటుందని చూసేవారికి తెలుస్తుంది.

కొత్త అలవాటు ఒకటి మాత్రం వచ్చింది. గొడుగు ఎత్తేముందు, దాని మడతలను వేళ్ళతో ఒకసారి పైనుంచి కిందకు తడిమి చూసుకుంటారు. ఏమి దొరుకుతుందని చూస్తారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బావమరిది మాత్రం టీ వడపోస్తూ, తల ఎత్తకుండానే అంటాడు:

"తడమకు బావా. చూస్తున్నారు."